అమ్మ సంతకం కావాలట

స్లౌ,
ఇంగ్లండ్, 11 మే 2025, ఆదివారం

అక్కా,

క్షేమ సమాచారాలు చివర్లో రాస్తాను. ముందు నేను సంతోషంగా ఉన్నానని రాయనివ్వు. ఈ మాట నా నోటి నుంచి విని ఎన్నాళ్లయిందో నీకే తెలుసు.

ఫోను ఉండగా ఈ ఉత్తరాలేమిటని బావ మళ్లీ నవ్వుతాడు. నవ్వనీ. ఈ ఇంటి గోడలు అప్పడాల్లా ఉంటాయని ఆయనకు చెప్పు. మా పిల్ల వర్షితకు తెలుగులో బదులు చెప్పడం సరిగా రాకపోయినా విన్న ప్రతి ముక్కా అర్థమవుతుంది. చదవడం మాత్రం రాదు. అందుకని మనిద్దరికీ మిగిలిన చాటు ఈ కాగితం ఒక్కటే.

సంగతేమిటంటే, ఇక్కడ మన టెంత్ లాంటి పదకొండో ఇయర్ పరీక్షలు అవగానే బళ్లో ప్రామ్ అని డాన్సు పార్టీ పెడతారు. జూలై నాలుగున. గౌన్లు, సూట్లు, అద్దె కార్లు, మన పెళ్లిళ్లలో కూడా అంత హడావుడి ఉండదు. జనవరి నుంచి నాకు ఒకటే గుబులు. ఎవడో ఒక పొడుగాటివాడు తలుపు కొట్టి మా పిల్ల చెయ్యి పట్టుకుని తీసుకుపోతాడని, వాణ్ని చూసి దాని నాయన రఘువీర్‌కు బీపీ పెరుగుతుందని. నా స్నేహితురాలు గిరిజ ఉంది కదా, వాళ్ల క్రాంతి అదే బళ్లో అదే క్లాసు. వాడు ఒక తెల్లపిల్లను తీసుకుపోతున్నాడట. గిరిజ నవ్వుతూనే చెప్పింది గానీ మొహంలో నెత్తురు చుక్క లేదు.

మన పిల్ల ఎవరితో పోతోందో తెలుసా? ఓలాతో! పోలండు పిల్ల ఓలా. క్రిస్మస్‌కు నువ్వు వచ్చినప్పుడు బొరుగుల ఉగ్గాని రెండోసారి పెట్టించుకుని తిన్నది చూడు, ఆ పిల్ల. మగపిల్లల గొడవే లేదు. ఇద్దరూ కలిసి పోయి, కలిసి ఎగిరి, కలిసి ఇంటికొస్తారు.

బడి నుంచి నాకు ఈమెయిల్ కూడా వచ్చింది. మీ అమ్మాయి ఇంకో అమ్మాయితో కలిసి జంట టికెట్ అడిగింది, ఈ సంగతి మీకు తెలుసనీ ఇందుకు మీకు సమ్మతమేననీ స్వయంగా రాసి పంపండి అని. సమ్మతమా! కూర్చుని నా చేత్తో ఇంగ్లీషులో ఒక పేజీ రాశాను. "మా వర్షిత మగపిల్లలతో కాక ఆడపిల్లతో వస్తున్నందుకు మాకు చాలా సంతోషంగా ఉంది. మా ఇంటి పద్ధతికి ఇదే తగినది. ఇలాంటి జంటలను మీ బడి ఇంకా ప్రోత్సహించాలి." ఎట్లా ఉంది?

తప్పులుంటే దిద్దమని వర్షితకు చూపించాను. ఒకసారి చదివి, మళ్లీ మొదటి నుంచి చదివింది. తరవాత "డోంట్ చేంజ్ ఎనీథింగ్, అమ్మా" అని నన్ను గట్టిగా కావలించుకుంది. దానికి పదమూడు దాటాక నన్ను అట్లా పట్టుకున్నది ఇదే. అందుకే ఈ ఉత్తరం.

ఊరగాయ సీసా అడుగంటింది. ఊరికే చెప్తున్నా.

నీ జ్యోతి


న్యూకాసిల్,
17 మే 2025

జ్యోతీ,

ఊరికే చెప్పావు కాబట్టి ఊరికే విన్నాను. సీసా జూన్‌లో పంపిస్తాను.

నువ్వు సంతోషంగా ఉన్నావని చదివి బావకు కూడా వినిపించాను. ఆయన నవ్వలేదు, "పిల్లకు పరీక్షలు ఎట్లా ఉన్నాయట?" అని అడిగాడు. నువ్వు రెండు పేజీలు రాశావు గానీ ఆ ముక్క రాయలేదు.

ఒక్క మాట అడుగుతాను, గొడవకు దిగకు. ఆ సమ్మతి ఉత్తరం అందరి తల్లుల దగ్గరా అడిగారా? గిరిజను అడిగారా? వాళ్ల క్రాంతి కూడా జంట టికెట్టే కదా తీసుకున్నది. నేను ఈ ఆసుపత్రి ఆఫీసులో కూర్చుని రోజుకు రెండు వందల ఉత్తరాలు రోగుల ఇళ్లకు పంపుతుంటాను. అందరికీ పోయే ఉత్తరం వేరు, ఒక్కరికే పోయే ఉత్తరం వేరు. ఒక్కరికే వచ్చిందంటే దాంట్లో ఏదో ఉంటుంది. గిరిజను అడిగి చూడు.

వర్షితను మాత్రం ఏమీ అడగకు. పరీక్షలు కానీ. దానికి మాట్లాడాలనిపిస్తే పెద్దమ్మ నంబరు దాని దగ్గర ఉంది.

ఇక్కడ మే నెలలో కూడా స్వెట్టరే. మోకాలు సతాయిస్తోంది.

అక్క


స్లౌ,
24 మే 2025

అక్కా,

నీకు ముందే తెలుసా? తెలిసే ఆ ప్రశ్న అడిగావా? నేను దాన్ని చదివి, అక్కకు నా సంతోషం ఎప్పుడూ కంటగింపే అనుకుని పక్కన పడేశాను. గిరిజను అడగలేదు. ఇప్పుడు అడగడానికి మొహం లేదు.

మంగళవారం బడికి రమ్మన్నారు. రమ్మన్నది ఇయర్ హెడ్ మిస్టర్ ప్రాక్టర్, ఆ క్లాసులన్నిటికీ పెద్ద. నేను పట్టుచీర కట్టుకోవడం ఒక్కటే తక్కువ, అంత గర్వంగా పోయాను. ఆయన నా ఉత్తరం బల్ల మీద పెట్టుకుని, మీ కమ్యూనిటీలో మీలాంటి తల్లి ఉండటం మాకు ఎంతో సంతోషం అన్నాడు. నేనూ థాంక్యూ అన్నాను. ఓలా తల్లి ఇంకా రాసివ్వలేదట. ఇద్దరు తల్లుల ఉత్తరాలూ ఉంటేనే జంట టికెట్ ఇస్తారట. లేకపోతే పిల్లలిద్దరూ విడివిడిగా రావాలి, వేర్వేరు బల్లల దగ్గర కూర్చోవాలి, జంటల ఫోటో ఉండదు. మీరు ఆమెతో మాట్లాడతారా అన్నాడు. స్నేహితులు కలిసి పోవడానికి ఇన్ని కాగితాలేంటికని అడిగాను. ఆయన నన్ను చూసి, నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పాడు. వాళ్లు స్నేహితులు కారు మిసెస్ నాగజ్యోతీ, వాళ్లిద్దరూ ప్రేమించుకుంటున్నారు, మీరు రాసింది దాని గురించే కదా అని.

అక్కా, ఆ గదిలో గోడమీద ఒక గడియారం ఉంది. దాని ముల్లు తప్ప నాకేమీ కనిపించలేదు. నేను రాసిన ప్రతి వాక్యం గుర్తుకొచ్చింది. ఇలాంటి జంటలను ప్రోత్సహించండి! ఛీ, ఆఫీసులో ఎంతమంది చదివి ఉంటారో. అక్కడే ఒక కాగితం అడిగి తీసుకుని, "నాకు అర్థం కాక రాశాను, నాకు సమ్మతం లేదు" అని రాసి సంతకం పెట్టి వచ్చేశాను.

ఇంటికొచ్చి అరిచాను. ఏమేమి అన్నానో రాయలేను. నాకు అర్థం కాలేదని తెలిసి కూడా ఏంటికి చెప్పలేదే, మీ అమ్మ నలుగురిలో పిచ్చిదైతే నీకు వేడుకా అని అడిగాను. అది ఏడవలేదు. మెల్లగా ఇంగ్లీషులో అంది, "నువ్వు అంత సంతోషంగా ఉన్నావు అమ్మా. ఒక్క వారమైనా నువ్వు నా గురించి సంతోషంగా ఉంటే ఎట్లా ఉంటుందో చూడాలనిపించింది" అని.

అదే చివరిసారి అది నన్ను అమ్మా అనడం. ఆరోజు నుంచి 'మమ్'. అన్నం పళ్లెం గదిలోకి తీసుకుపోతుంది, పరీక్ష రాసి వస్తుంది, ఎట్లా రాశావంటే "ఫైన్, మమ్" అంటుంది. రఘువీర్‌కు చెప్పాను. ట్యాబ్‌లోంచి తల ఎత్తకుండానే, "నీ ఇంగ్లీషు మన కొంప ముంచింది" అన్నాడు. అంతే. పిల్లతో ఒక్క మాట మాట్లాడలేదు. వచ్చే నెల తెలుగు అసోసియేషన్ పిక్నిక్‌కు మనం పోవడం లేదన్నాడు.

నేను ఎక్కడ తప్పు చేశాను అక్కా? అమ్మ ఉంటే నా చెంప పగలగొట్టేది.

జ్యోతి


న్యూకాసిల్,
29 మే 2025

జ్యోతీ,

అమ్మ నీ చెంప పగలగొట్టేది నిజమే. కానీ నువ్వు అనుకునే కారణానికి కాదేమో.

తెలుసా అంటే తెలియదు, అనుమానం ఉండింది. క్రిస్మస్‌కు మీ ఇంట్లో ఓలా ఉగ్గానిలో కరివేపాకు ఏరి పళ్లెం అంచున పెడుతుంటే నీ కూతురు మాట్లాడుతూనే ఆ ఆకులు తీసి నోట్లో వేసుకుంటోంది. మన ఇంట్లో నాయన ఏరిపెట్టిన కరివేపాకు అమ్మ అట్లాగే తినేది. నాకు గుర్తొచ్చి ఊరుకున్నాను.

నీకు చెప్పి ఉండాల్సింది. నేను చుట్టూ తిప్పి అడిగాను, నువ్వు నేరుగా వెళ్లి తగులుకున్నావు. ఆ తప్పు నాదే.

ఇప్పుడు నేను చెప్పేది విను. పిల్ల బతికున్నది, ఇంట్లో ఉన్నది, పరీక్షలు రాస్తున్నది. దానితో అరవకు. రఘువీర్‌ను కూడా అరవనీయకు, అంతకన్నా ముఖ్యంగా, మాట్లాడకుండా ఉండనీయకు. మాట్లాడని తండ్రి అరిచే తండ్రికంటే అన్యాయం. మీకు చేతకాకపోతే పిల్లను నా దగ్గరికి పంపించు. నా ఇంట్లో గోడలు మందంగా ఉంటాయి, ప్రశ్నలు తక్కువగా ఉంటాయి. సముద్రం దగ్గరికి తీసుకుపోతాను. ఎన్నాళ్లు ఉంటానంటే అన్నాళ్లు ఉంచుకుంటాను.

నువ్వు రాసిన ఆ రెండో ఉత్తరం గురించి నాకు భయంగా ఉంది. ఎందుకో ఇప్పుడు రాయను.

అక్క


స్లౌ,
7 జూన్ 2025

అక్కా,

నీ ఉత్తరం రఘువీర్‌కు చదివి వినిపించాను. రెండు వారాల్లో మొదటిసారి ఆయన మొహం తేటపడింది. "మీ అక్క తెలివైన మనిషి. పిల్ల ఆరోజు ఈ ఊళ్లో లేకపోతే ఏ గొడవా ఉండదు" అన్నాడు. వెంటనే రైలు టికెట్ తీసేశాడు. జూలై నాలుగు, శుక్రవారం, మధ్యాహ్నం కింగ్స్ క్రాస్ నుంచి. సాయంత్రానికల్లా నీ దగ్గర ఉంటుంది. ప్రామ్ మొదలయ్యేది ఆరున్నరకు. అప్పటికి అది నీ వంటింట్లో కూర్చుని టీ తాగుతుంటుంది.

నిజం చెప్పనా, నాకు కాస్త బాధ కలిగింది. నువ్వు పిల్ల పక్షాన మాట్లాడతావనుకున్నా. చివరికి నువ్వు కూడా దాన్ని ఇక్కడి నుంచి తీసేయమనే చెప్పావు. సరే, పెద్దదానివి, ఆలోచించే చెప్పి ఉంటావు.

వర్షితకు టికెట్ చూపించాను. దానికి కొత్త గౌను వచ్చి బీరువాలో వేలాడుతోంది, నెమలికంఠం రంగు. ఓలా సూటు వేసుకుంటుందట. అది టికెట్‌ను, నన్ను చూసి, "పెద్దమ్మ ఆల్సో?" అని అడిగింది. అవునన్నాను. "ఓకే, మమ్" అంది. ఆ ఓకే వినకపోయి ఉంటే బాగుండేది. ఆ సాయంత్రమే గౌను మడతపెట్టి, వచ్చిన పెట్టెలోనే పెట్టేసి, పెట్టెకు టేపు వేసేసింది.

దానికి ఇంకా మూడు పరీక్షలున్నాయి. లెక్కలు బాగా రాశానంది. అదీ 'ఫైన్' అనే.

జ్యోతి


న్యూకాసిల్,
12 జూన్ 2025

జ్యోతీ,

ఆ రైలు టికెట్ చించెయ్.

పంపించమన్నది పరీక్షలైన తరవాత కాస్త ఊపిరి తీసుకుంటుందని. ప్రామ్ రోజున ప్రామ్ నుంచి తప్పించడానికి కాదు. నా ఇంటిని జైలు చేయొద్దు. "పెద్దమ్మ ఆల్సో?" అని అది అడిగిందని చదివాక నేను రెండు రోజులు ఆఫీసులో ఏ కవరు మీద ఏ పేరు రాశానో నాకే తెలియదు. ఇక దాచి లాభం లేదు, చెప్తాను.

మన కర్నూలు హాస్టల్లో రత్నమ్మ గుర్తుందా? నువ్వు ఇంటర్ మొదటి సంవత్సరం, అది రెండో సంవత్సరం. నేను కొత్తగా చేరిన అసిస్టెంట్ వార్డెన్ని. హాస్టల్ డేకు కోలాటం పెట్టాం. కోలాటంలో జంటలు మారుతూ పోవాలి కదా. రత్నమ్మా, దాని క్లాసు సత్యమ్మా మారేవాళ్లు కారు. ఎట్లా తిరిగినా మళ్లీ ఒకరి ఎదుటికే ఒకరు వచ్చేవాళ్లు. మీరందరూ కర్రలు కొట్టడం మరిచి నవ్వేవాళ్లు. రెండు రోజుల తరవాత వార్డెన్ మేడమ్ నన్ను పిలిచి, "ఆదిలక్ష్మీ, నీ చేతిరాత ముత్యాల్లా ఉంటుంది, ఆ ఇద్దరి ఇళ్లకూ ఒక ఉత్తరం రాయి" అంది.

రాశాను. "మీ అమ్మాయి మరొక విద్యార్థినితో మితిమీరిన సాన్నిహిత్యం కలిగియున్నది. తల్లిదండ్రులకు తెలియజేయుట మా బాధ్యత." ఎంత మర్యాదగా రాశానో! ఒక్క చెడ్డమాట లేదు.

నాలుగో రోజు రత్నమ్మ నాయన వచ్చాడు. చొక్కా జేబులో నా ఉత్తరం. పిల్ల ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని నడిచాడు. అది వెనకాల, తల ఎత్తకుండా. పరీక్షలకు ఇరవై రోజులుంది. మీకందరికీ కామెర్లు అని చెప్పాను. మీరు దానికోసం దేవుడికి దండం కూడా పెట్టారు.

తొమ్మిదేళ్ల తరవాత, నేను ఇక్కడికి రావడానికి ముందు, కర్నూలు బస్టాండులో కనిపించింది. ఇద్దరు పిల్లలు. నన్ను అదే గుర్తుపట్టి పలకరించింది. "మీ చేతిరాత శానా బాగుండేది మేడమ్. మా నాయనకు సదువు రాదు గదా, రచ్చబండ కాడ అందరితో సదివిచ్చుకున్న్యాడు" అంది. నవ్వుతూనే అంది జ్యోతీ. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

ఊరంతా విన్నారు నా ఉత్తరం. నేను పేరు, తేదీ వేసి రాసిచ్చాను కాబట్టి విన్నారు. మీ బడి ఆయన బల్లమీద ఇప్పుడు నీవి రెండున్నాయి. నా ఆసుపత్రిలో ఇద్దరు ఆడవాళ్లు పెళ్లి చేసుకుంటే మేమంతా వెళ్లి భోజనం చేసి వచ్చాం. ఈ దేశంలో చట్టం వాళ్లకు పెళ్లి చేస్తుంది. బళ్లో ఒక్క సాయంత్రం డాన్సుకు మాత్రం అమ్మ దగ్గర ఉత్తరం తెచ్చుకోవాలా?

గిరిజను అడిగావా? ఇంకా అడగలేదు కదా.

నన్ను అసహ్యించుకోవాలనిపిస్తే అసహ్యించుకో. వర్షితకు మాత్రం, పెద్దమ్మ ఆ మాట అనలేదని ఈరోజే చెప్పు.

అక్క


స్లౌ,
25 జూన్ 2025

అక్కా,

నీ మీద కోపంతో నాలుగు రోజులు ఉత్తరం సొరుగులో పడేశాను. రత్నమ్మ నాకు జడ వేసేది. నాకు చలిజ్వరం వస్తే తన దుప్పటి ఇచ్చింది. కామెర్లని చెప్పావు. ఇరవై ఎనిమిదేళ్లు నేను కామెర్లనే అనుకున్నాను. ఎవరికైనా కళ్లు పచ్చబడితే రత్నమ్మ గుర్తొచ్చేది నాకు. ఛీ అక్కా.

ఐదో రోజు గిరిజ ఇంటికి పోయాను. క్రాంతి టికెట్‌కు ఏం రాసిచ్చావని అడిగాను. "ఉత్తరమా? ఏం ఉత్తరం? వాడే ఆన్‌లైన్‌లో టిక్కు పెట్టుకున్నాడు. ఆ పిల్ల పేరేందో కూడా నాకు ఇంతవరకు తెల్వదు" అంది. వాట్సాప్ గ్రూపులో ఇంకో ఆరుగురు తల్లుల్ని అడిగాను. ఒక్కర్ని కూడా అడగలేదు. నన్నూ, ఓలా తల్లినీ తప్ప.

ఆమె పేరు మాగ్దా. ఫ్యాక్టరీలుండే ట్రేడింగ్ ఎస్టేట్‌లో బేకరీలో పని. ఆమెకు ఇష్టం లేకే రాయలేదని నేను ఇన్నాళ్లూ అనుకున్నా, ఒకందుకు ధైర్యంగా కూడా ఉండింది, నాలాంటిది ఇంకొకతి ఉందని. పోయి అడిగితే, చేతులకు పిండితోనే నిలబడి, "నా కూతురికి నోటితో సరే అని చెప్పాను. కాగితం ఇవ్వను. కాగితం ఎవరి చేతికి పోతుందో నీకు తెలుసా?" అంది. నీ రత్నమ్మ నాయన గుర్తొచ్చాడు.

సోమవారం ఇద్దరం కలిసి మిస్టర్ ప్రాక్టర్ దగ్గరికి పోయాం. నా రెండు ఉత్తరాలూ వెనక్కి ఇవ్వండి అన్నాను. సమ్మతిస్తూ కొత్తది రాస్తారా అని అడిగాడు. రాయను అన్నాను. ఒప్పుకుంటున్నారా లేదా అన్నాడు. "అది నేనూ నా కూతురూ చూసుకుంటాం. ముందు నాకొకటి చెప్పండి. క్రాంతి తల్లి ఉత్తరం ఏదీ? ఈ బళ్లో జంట టికెట్ తీసుకున్న పిల్లలందరి తల్లుల ఉత్తరాలూ బల్ల మీద పెట్టండి, వాటి పక్కన నేనూ ఒకటి రాసి పెడతాను" అన్నాను. సంచి గట్టిగా పట్టుకున్నాను. పిల్లల క్షేమం కోసమే అడిగామని ఆయన అన్నాడు. మీరు అడిగిన రోజు నుంచి నా పిల్ల నన్ను అమ్మా అనడం లేదు, ఇదేం క్షేమం అన్నాను. హెడ్‌టీచర్‌తో మాట్లాడి చెప్తానని రెండు ఉత్తరాలూ ఒక కవరులో పెట్టి ఇచ్చాడు.

కార్ పార్కులో రెండోది చించేశాను. మొదటిది సంచిలోనే ఉంది.

ఇంతవరకు కబురు లేదు. రైలు టికెట్ క్యాన్సిల్ చేశాను. రఘువీర్‌కు కోపం వచ్చి రెండు రోజులు బయట తిన్నాడు. వర్షితకు పెద్దమ్మ ఆ మాట అనలేదని చెప్పాను. తల ఊపింది. గౌను పెట్టె టేపు ఇంకా తీయలేదు.

నేనేదో మారిపోయానని అనుకోకు. రేపు దీనికి పెళ్లెట్లా, జనం ఏమంటారు, అన్నీ అట్లాగే ఉన్నాయి. కానీ నా పిల్లను ఒక్కదాన్నే పక్కకు తీసి నిలబెడితే మాత్రం ఊరుకోలేకపోయాను.

జ్యోతి


స్లౌ,
5 జూలై 2025, శనివారం

అక్కా,

పొద్దున్నే రాస్తున్నాను, మరిచిపోకముందే.

బుధవారం బడి నుంచి రెండు వరుసల ఈమెయిల్ వచ్చింది. జంట టికెట్లు అందరికీ ఒకటేనట, ఎవరి దగ్గరా లిఖితపూర్వకంగా ఏమీ అక్కర్లేదట. సారీ అన్నమాట లేదు. వర్షితకు చూపించాను. అది చదివి, పైకి పోయింది. కాసేపటికి గదిలోంచి టేపు పీకుతున్న చప్పుడు వినిపించింది. ఆ పూట కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను.

నిన్న సాయంత్రం ఓలా వచ్చింది. నల్ల సూటు, జుట్టు వెనక్కి దువ్వుకుని. గుమ్మంలో నిలబడి లోపలికి రావాలో వద్దో తెలియక బూట్ల వైపు చూసుకుంటోంది. తిన్నావా అని అడిగాను. లేదంది. ఇద్దరికీ నిలబెట్టే ఉగ్గాని పెట్టాను, కరివేపాకు తీసేసి. రఘువీర్ పైనుంచి దిగలేదు. మేం బయల్దేరుతుంటే మెట్ల మీదనుంచి గొంతు ఒక్కటి వచ్చింది. "బండి కడిగి పెట్టినా. తాళాలు టేబుల్ మీద ఉండాయి." నేను చూడనే లేదు, బండి నిజంగానే మెరుస్తోంది.

బడి తలుపు దగ్గర ఒకావిడ లిస్టు పట్టుకుని నిలబడింది. నేను గేటు అవతల రెయిలింగ్ దగ్గరే ఆగాను. వీళ్ల వంతు వచ్చింది. ఆవిడ వేలితో వెతికి, వర్షిత ఆరో బల్ల, ఓలా పదకొండో బల్ల అంది. లిస్టు మార్చలేదు అక్కా! ఈమెయిల్ పంపారు, లిస్టు మార్చలేదు. వర్షిత ఏదో చెప్పింది, ఆవిడ తల అడ్డంగా ఊపింది. నా పిల్ల వెనక్కి తిరిగి చూసింది. ఆ గౌనులో, అంతమంది మధ్య, చిన్నప్పుడు నర్సరీ మొదటిరోజున చూసిన చూపు అది.

పరిగెత్తాను. వాళ్లిద్దరిదీ ఒకటే టికెట్ అన్నాను. ఆవిడ చాలా మర్యాదగా, "తల్లిదండ్రుల ఉత్తరం ఉందా?" అని అడిగింది.

నా సంచిలో ఉంది. మొదటి ఉత్తరం, మడతపెట్టి, పది రోజులుగా మోస్తున్నాను. తీసి ఆవిడ చేతిలో పెడితే క్షణంలో పని అయిపోయేది. చెయ్యి సంచిలోకి పోయింది కూడా. ఆగాను. "లేదు. మీ లిస్టులో ఇంకెవరి ఉత్తరం ఉందో చూపించండి" అన్నాను. వెనక వరుస నిలబడిపోయింది. అందరూ చూస్తున్నారు. అప్పుడు వెనకనుంచి గిరిజ కొడుకు క్రాంతి, ఆ తెల్లపిల్ల చెయ్యి పట్టుకుని, "మా అమ్మ కూడా ఏం రాయలేదు మిస్, నన్ను కూడా ఆపుతారా?" అన్నాడు. ఇంకొకడెవడో మా అమ్మ కూడా అన్నాడు. ఆవిడ అందరినీ చూసి, పెన్ను తీసి, పదకొండు కొట్టేసి ఆరు వేసింది. ఇద్దరూ చెయ్యి చెయ్యి పట్టుకుని లోపలికి పోయారు. నేను మాత్రం కారులో కూర్చుని పావుగంట ఏడ్చాను, ఏంటికో నాకే తెలియదు.

పొద్దున వర్షిత వంటింట్లోకి వచ్చింది. కళ్లకు ఇంకా కాటుక అట్లాగే ఉంది. "అమ్మా, ఆ ఫస్ట్ లెటర్ ఉందా?" అంది. అమ్మా అంది అక్కా. తీసిచ్చాను. బల్ల మీద పరిచి, చేత్తో మడతలు సాపు చేసి, నా ముందుకు జరిపింది. ఇప్పుడు నీకు అర్థం తెలుసు కదా, మళ్లీ చదువు అంది. చదివాను. మా వర్షిత ఆడపిల్లతో వస్తున్నందుకు మాకు చాలా సంతోషంగా ఉంది. మా ఇంటి పద్ధతికి ఇదే తగినది. ఎన్ని తప్పులో ఆ ఇంగ్లీషులో. చాలా సంతోషమేనా అని నన్ను నేను అడిగాను. ఇంకా అంత లేదు, అబద్ధం ఏంటికి. అదే దానికి చెప్పాను. "ఐ నో" అంది. "సైన్ చేయగలిగినంత సంతోషం ఉందా?"

నీకు ఒక్కటి చెప్తాను, తరవాత ఈ ఉత్తరం పోస్టులో వేస్తాను. రత్నమ్మ ఇప్పుడు ఎక్కడుందో కనుక్కో. హాస్టల్ వాళ్ల గ్రూపులో ఎవరికైనా తెలిసి ఉంటుంది. నీ చేతిరాత ఇంకా ముత్యాల్లాగే ఉంది. దానికి ఇంకో ఉత్తరం రాయి, నిజం రాయి. వార్డెన్ మీద వేయకు.

నేను పెన్ను తీసుకున్నాను. మే నెల సంతకం కింద ఇంకో సంతకం చేసి, ఈరోజు తేదీ వేశాను. బడికి కాదు, దానికి.

నీ జ్యోతి